తొమ్మిదేళ్ల వాడికి ఎంత గెలాక్సీ పెట్టొచ్చు?

మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. స్టార్ వార్స్ సినిమాలన్నీ చూసేసి, చూడ్డానికి ఇంకేమీ మిగలక, పుస్తకాల మీద పడ్డాడు. పిల్లాడు పుస్తకం అడిగితే ఏ ఇంట్లోనైనా సంబరపడతారు. మా అక్క టెన్షన్ పడింది. "ఒరేయ్, వాటిల్లో ఏముంటాయో ఏమిటో! ముందు నువ్వు చదివి, వాడి వయసుకి తగ్గవి చూసి ఇవ్వు" అంది. ఆ క్షణం నుంచి నేను మామూలు మేనమామని కాను, ఏకసభ్య కమిషన్‌ని. ఇది నా మధ్యంతర నివేదిక.

సినిమాకో టీవీ సీరియల్‌కో అనుబంధంగా వచ్చే పుస్తకాలను కమిషన్ సౌలభ్యం కోసం తోక పుస్తకాలని పిలవదలచింది. మొదటి రోజే ఆ పేరుకి ఎదురుదెబ్బ తగిలింది. స్టార్ వార్స్ మొదటి సినిమా 1977 మేలో విడుదలైతే, దాని నవల 1976 నవంబరులోనే వచ్చేసింది. తోక ముందు పుట్టింది, కుక్క ఆర్నెల్లకి వచ్చింది. పైగా అట్ట మీద పేరు దర్శకుడు జార్జ్ లూకాస్‌ది, లోపల రాసింది అలన్ డీన్ ఫాస్టర్. పిల్లలకి ఇది ఏ రకం నిజాయితీ నేర్పుతుందన్న ప్రశ్నను కమిషన్ నమోదు చేసుకుని పక్కన పెట్టింది.

అసలు చిక్కు ఆ తర్వాతి పుస్తకంతో మొదలైంది. 1978లో అదే ఫాస్టర్ కొనసాగింపు నవల రాశాడు, ఈసారి తన పేరుతోనే. అందులో కథానాయకుడు ల్యూక్, యువరాణి లేయా వంక చూసే చూపులు అన్న చెల్లెలి వంక చూసేవి కావు. ఆయన తప్పేం లేదు, వాళ్లిద్దరూ కవలలని అప్పటికి ఆయనకి ఎవరూ చెప్పలేదు. ప్రేక్షకులకే 1983లో తెలిసింది. అంటే 1978లో పిల్లలకి తగిన పుస్తకమే, ఐదేళ్ల తర్వాత వేరే సినిమాలో ఒక్క సంభాషణ పడగానే తగనిదైపోయింది. లోపల అక్షరం మారలేదు. ఇలాంటి దానికి ఏ వయసు ముద్ర వేయాలో మీరే చెప్పండి. (మధ్యలో 1980 సినిమాలో వాళ్లిద్దరి ముద్దు కూడా ఉంది. అది సినిమా కాబట్టి కమిషన్ పరిధిలోకి రాదు.)

పిల్లల సినిమాకి వచ్చిన నవల పిల్లలదే అయి ఉంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. 1982లో వచ్చిన ఈటీ చూడని వాళ్లుండరు. దారి తప్పిన గ్రహాంతరవాసి, పిల్లలు, సైకిళ్లు, కన్నీళ్లు. దాన్ని నవలగా రాసిన విలియం కాట్జ్‌వింకిల్ చేతిలో ఆ గ్రహాంతరవాసి పిల్లల తల్లి మీద మనసు పారేసుకుంటాడు. ఆ పేజీలు కమిషన్ తలుపు వేసుకుని, రెండుసార్లు, పూర్తి బాధ్యతతో చదివింది.

సినిమాకైతే సెన్సారు ఉంది, పుస్తకానికి ఉన్నదల్లా వెనక అట్ట. దాని మీద '8-12' అని ఉంటుంది. ఎనిమిదేళ్లవాడు లైటు వేసుకుని పడుకుంటాడు, పన్నెండేళ్లవాడు తలుపు వేసుకుని పడుకుంటాడు. ఇద్దరికీ ఒకే పుస్తకమట! ఇది కాదని శాస్త్రీయంగా వెళ్దామంటే, అమెరికాలో లెక్సైల్ అని ఒక కొలత ఉంది. వాక్యాల పొడవు, పదాల వాడుక లెక్కగట్టి పుస్తకానికో అంకె ఇస్తుంది. కరువులో కొట్టుకుపోయిన రైతుల గోస చెప్పిన స్టైన్‌బెక్ మహానవల ద గ్రేప్స్ ఆఫ్ రాత్‌కి ఆ లెక్కన వచ్చింది 680, అంటే ఇంచుమించు రెండు మూడు తరగతుల స్థాయి. పొట్టి వాక్యాల్లో పీక కోస్తే అది పసిపిల్లల పుస్తకమే.

బొమ్మ చూసి కొనేవాళ్ల పరిస్థితి మరీ ఘోరం. బ్రిటన్ టీవీ సీరియల్ డాక్టర్ హూ సంగతే తీసుకోండి. 1973 నుంచి టార్గెట్ అనే సంస్థ ఆ సీరియల్ కథల్ని సన్నటి పుస్తకాలుగా తెచ్చింది. టెరెన్స్ డిక్స్ ఒక్కడే అరవైకి పైగా రాశాడు. బీబీసీ పాత టేపులు కొన్ని చెరిపేసుకుంది కాబట్టి, తెరమీద దొరకని కథలు కూడా ఆ పుస్తకాల్లో దొరికేవి. బ్రిటన్‌లో ఒక తరం పిల్లలు చదవడం వాటితోనే అలవాటు చేసుకున్నారు. 1991లో ఇంకో వరస మొదలైంది, ఈసారి పెద్దల కోసం. అదే డాక్టరు, ఆయన కాలంలో తిరిగే అదే నీలం డబ్బా. పాత పుస్తకాలతో పెరిగిన తండ్రి అదే నమ్మకంతో కొని కొడుక్కిస్తే, ఆ తర్వాత కొడుకు వేసే ప్రశ్నలకి జవాబు చెప్పడానికి ఏ డాక్టరూ రాడు. స్టార్ వార్స్‌లోనూ అంతే. 2009లో వచ్చిన ఒక నవలలో చచ్చిన సైనికులు లేచి బతికున్న వాళ్లని పీక్కు తింటారు. పైన మాత్రం మావాడి దుప్పటి మీదున్న అవే అక్షరాలు.

సరే, పిల్లల కోసమని ఒట్టేసి రాసిన వాటినే ఇద్దామనుకున్నాను. 1999లో మొదలైన స్టార్ వార్స్ వరస జెడై అప్రెంటిస్ (జెడై అంటే ఆ కథల్లోని యోధులు) అలాంటిదే. పెద్ద అక్షరాలు, చేతిలో ఇమిడే సైజు. తీరా ఎనిమిదో పుస్తకంలో, ఒకప్పటి శిష్యుడు గురువు కళ్లముందే కావాలని విషపు మడుగులోకి దూకి చచ్చిపోతాడు. కమిషన్‌కి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కమిషన్ వయసు నలభై రెండు.

చివరిగా, నివేదికలో ఎర్ర సిరాతో రాసిన పుస్తకం ఒకటుంది. 1999లో వచ్చింది. పంతొమ్మిది స్టార్ వార్స్ నవలల వరసలో మొదటిది. అందులో, ఓడ నడిపే హాన్ సోలోకి ప్రాణస్నేహితుడు, ఒళ్లంతా జూలున్న చూబాకాని, అభిమానుల ముద్దుల చూయీని, చంపేశారు. మామూలుగా కాదు, ఒక చందమామని లాగి గ్రహం మీద పడేసి మరీ. హాన్ సోలో చిన్నకొడుకుని కాపాడి ఓడ ఎక్కించి, తను మాత్రం ఎక్కలేకపోతాడు. పుస్తకం మూసి కాసేపు గోడకేసి చూశాను. ఇది ఈ ఇంట్లో పద్దెనిమిదేళ్లు నిండని వాళ్లెవరి చేతికీ దొరక్కూడదని తీర్మానించి, అటక మీద పాత ట్రంకు పెట్టెలో దాచాను.

దిగుతుంటే నిచ్చెన కింద మావాడు నిలబడి ఉన్నాడు.

"అది చదివావా మామయ్యా? ఏడ్చావా?"

"నీకెలా తెలుసు?"

"మా ఫ్రెండ్ వాళ్లన్న దగ్గర ఉంది, ఎప్పుడో చదివేశా. నువ్వేం బెంగపెట్టుకోకు, అది లెక్కలోకి రాదు. 2014లోనే ఆ పుస్తకాలన్నిటికీ లెజెండ్స్ అని పేరు పెట్టి పక్కన పెట్టేశారు. అసలు కథలో చూయీ బతికే ఉన్నాడు."

మరి ఇంతసేపూ ఎవరికోసం ఏడ్చినట్టు? కమిషన్ గొంతు సవరించుకుని, మిగతా పద్దెనిమిది సంపుటాలూ పరిశీలించడానికి ఆర్నెల్లు గడువు పెంచమని మీ అమ్మని అడుగుతానంది. వాడు నా వంక జాలిగా చూసి, కాసేపు ఆలోచించాడు.

"చదువుకో. తొమ్మిదోది మాత్రం ఇప్పుడే వద్దు మామయ్యా. ఇంకాస్త పెద్దయ్యాక చదువుదువుగాని."