ఈజిప్టు గోడలు, శ్రీశైలం ప్రాకారం

ప్రాచీన ఈజిప్టు బొమ్మల ఆధారంగా కూర్చిన కెమెటిక్ యోగ పేరెత్తగానే విదేశాల్లోని మన తెలుగు సంఘాల్లో ఎవరో ఒకరు "అది మన యోగానే, పేరు మార్చి ఈజిప్టుది అంటున్నారు" అనేస్తారు. అవతలివైపు దాన్ని నేర్పేవాళ్లలో కొందరు, ఫారోల కాలం నుంచి ఉన్నది ఉన్నట్టుగా వస్తున్న సాధన అంటారు. ఈ రెండు మాటలూ నిలవవు. నిలవకపోయినా ఆ సాధన నేర్చుకోదగ్గదే, మన యోగా దినోత్సవంలో దానికి చోటివ్వాల్సిందే.

కెమెట్ అన్నది ఈజిప్షియన్లు తమ దేశానికి పెట్టుకున్న పేరు. నైలు వరద పరిచిన నల్ల ఒండ్రు నేల అని అర్థం. ఆ పేరుతో యోగ పద్ధతి రూపుదిద్దుకున్నది మాత్రం 1970లలో, చికాగోలో. అసర్ హాపి, యిర్సిర్ రా హోటెప్ అనే ఇద్దరు ఆఫ్రికన్ అమెరికన్లు గుడి గోడల మీది బొమ్మలనూ చిత్రలిపినీ చదివి, అందులోని భంగిమలను శ్వాసతో ముడిపెట్టి వరసగా కూర్చారు. బానిసత్వం తాతముత్తాతల పేర్లనే తుడిచేసిన జనం, తమ ఖండం వైపు తిరిగి ఒక సాధనను వెతుక్కుంటే దాన్ని దొంగతనం అనడం చాలా అన్యాయం.

వాళ్లు చూపే ఆధారాల్లో బలంగా ఆకట్టుకునేది సెమా అనే గుర్తు. రెండు ఊపిరితిత్తులు, వాటి నడుమ నిలువుగా శ్వాసనాళం, ఇదీ దాని ఆకారం. అర్థం 'కలపడం'. యోగ అన్న మాటకు మూలమైన మన యుజ్ ధాతువుకూ అదే అర్థం, పైగా బొమ్మలోనే ఊపిరి ఉంది. వినగానే ఒళ్లు పులకరిస్తుంది. అయితే ఆ గుర్తు ఎక్కడ చెక్కారో కూడా చూడాలి. మొదటి సెనుస్రెత్ రాజు విగ్రహాల్లో సింహాసనం పక్కలను చూస్తే, హోరస్, సేత్ దేవతలు చెరోవైపు నిలబడి, రెండు మొక్కల కాడలను ఆ గుర్తు చుట్టూ తాడులా బిగిస్తుంటారు. ఎగువ ఈజిప్టు, దిగువ ఈజిప్టు ఒక్క రాజు కింద కలిశాయన్నది దాని భావం. దాన్ని శ్వాస సాధనగా చదవడం ఈ కాలపు వ్యాఖ్యానం.

బొమ్మల సంగతీ అంతే. చేతులూ కాలివేళ్లూ నేలకానించి వంతెనలా వంగిన నూత్ దేవి సాక్షాత్తు ఆకాశం. ఆమెను కింది నుంచి మోస్తున్న షూ వాయుదేవుడు. ఇటలీలోని ట్యూరిన్ మ్యూజియంలో ఒక ఈజిప్టు రాతి పెంకు మీద, నడుము వెనక్కి విరిచి చేతులు నేలకానించిన అమ్మాయి ఉంది. మన చక్రాసనమే అనిపిస్తుంది కానీ ఆమె నర్తకి. ఒంటిని అలా వంచే శిక్షణ ఉండేదని ఆ బొమ్మ చెబుతుంది. ఎంతసేపు, ఏ ఊపిరితో, ఎందుకు అన్నది చెప్పే పాఠం ఈజిప్టు నుంచి దొరకలేదు.

మనకు రాయీ పాఠమూ రెండూ మిగిలాయి. శ్రీశైలం మల్లికార్జున ఆలయ ప్రాకారం మీద విజయనగర కాలపు శిల్పులు ఆసనాల్లో ఉన్న సిద్ధులను చెక్కారు. 15వ శతాబ్దపు హఠయోగ ప్రదీపిక మయూరాసనం గురించి చెబుతూ, అరచేతులు నేలకానించి, మోచేతులు నాభికి రెండు పక్కలా పెట్టి, ఒంటిని కర్రలా పైకి లేపమంటుంది. అంత స్పష్టంగా ఉంటుంది. అయితే ఆ గ్రంథం వర్ణించే ఆసనాలు 15 మాత్రమే, ఎక్కువ కూర్చుని చేసేవి. మనం హాలులో చాపలు పరిచి చేసే సూర్య నమస్కారాలు అందులో లేవు. వాటిని వ్యాయామంగా ఊరూరా ప్రచారం చేసింది 1920లలో మహారాష్ట్రలోని ఔంధ్ సంస్థానాధీశుడు. యోగ గురువు కృష్ణమాచార్యులు మైసూరులో జగన్మోహన ప్యాలెస్ యోగశాల తెరిచింది 1933లో. అంటే చికాగోలో కూర్చిన భంగిమల వరస కన్నా మైసూరులో నేర్పిన ఆసనాల వరస నలభై ఏళ్లే పెద్దది. ఎదుటివాళ్ల పాతదనాన్ని కొలిచే కొలబద్ద మన మీదా పెట్టాలి కదా.

ఇక సాధన. కెమెటిక్ పద్ధతికి ప్రాణం నాలుగు భాగాల శ్వాస: నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు పీల్చడం, నాలుగు ఆపడం, నాలుగు వదలడం, ఊపిరి ఖాళీగా నాలుగు ఆగడం. మనవాళ్లు సమవృత్తి అనేది ఇదే. అంకెకు ఒక సెకను చొప్పున చుట్టుకు 16 సెకన్లు, నిమిషానికి నాలుగు శ్వాసలు కూడా పడవు. కొత్తవాళ్లు తడబడేది ఖాళీగా ఆగేచోట. తర్వాతి శ్వాస గబుక్కున, నోటితో వచ్చిందంటే లెక్క ఎక్కువైనట్టే. మూడుకో రెండుకో తగ్గించాలి, లేదా ఆ ఆగడం మానేయాలి. మన సంప్రదాయంలో పూరక, కుంభక, రేచకాలకు, అంటే పీల్చడం, ఆపడం, వదలడానికి, 1:4:2 నిష్పత్తి ఉంది. నాలుగు పీల్చితే పదహారు ఆపాలి, అదీ గడ్డం దించి జాలంధర బంధంతో, కదలకుండా కూర్చుని. అది అలవాటున్నవాళ్లు ఆ లెక్కనే కదిలే భంగిమల్లో పెట్టబోయి తల తిప్పుతోందంటారు. రక్తపోటు, గుండె జబ్బు, గ్లకోమా అనే కంటి జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ఊపిరి ఆపకుండా పీల్చి వదిలితే చాలు.

షూ భంగిమతో మొదలుపెట్టొచ్చు. ఈజిప్టు రాజు టుటంఖమున్ సమాధిలో దొరికిన దంతపు తలగడను రెండు చేతులా ఎత్తి మోస్తున్నది ఆయనే. మడిచిన దుప్పటి మీద కుడి మోకాలు ఆనించి, ఎడమ పాదం ముందు పెట్టాలి. పీలుస్తూ చేతులు పక్కల నుంచి లేపి, మోచేతులు భుజాల ఎత్తుకు వచ్చాక లంబకోణంలో మడిచి, అరచేతులు ఆకాశం మోస్తున్నట్టు పైకి తిప్పాలి. ఆపాలి. వదులుతూ దించాలి. ఆరు చుట్లయ్యాక కాలు మార్చాలి. మూడో చుట్టుకల్లా భుజాలు చెవుల దగ్గరికి పోతాయి, నడుము లోపలికి విరుగుతుంది. పొత్తికడుపు కొద్దిగా బిగించి, మోచేతులు రెండంగుళాలు దించితే రెండూ సర్దుకుంటాయి.

మన అమ్మానాన్నలకు ఇంకా పనికొచ్చేది సింహాసనం మీద నిటారుగా ఉన్న ఈజిప్టు రాజు ఖఫ్రే విగ్రహంలా కూర్చోవడం. మోకాళ్లు అరిగినవాళ్లను పద్మాసనంలో కూర్చోబెట్టలేక చాలా తరగతులు వాళ్లను ఊరికే చూస్తూ కూర్చోమంటాయి. ఈ సంప్రదాయంలో కుర్చీయే ఆసనం. తుంటి కన్నా మోకాళ్లు ఎత్తుగా ఉండకూడదు. పాదాలు అందకపోతే కింద ఇటుక పెట్టాలి. వీపు కుర్చీకి ఆనించి జారగిలబడితే పొట్ట నొక్కుకుపోయి ఊపిరి ఛాతీ పైభాగంలోనే ఆగుతుంది, అందుకే కుర్చీ ముందు సగంలో కూర్చోవాలి.

జూన్ 21 కార్యక్రమంలో సూర్య నమస్కారాలకు ముందు, ఒళ్లు అలవకముందే, దీనికి అరగంట ఇవ్వండి. మీ ఊళ్లోని నల్లజాతి సమాజం నుంచి ఈ పద్ధతి నేర్పే గురువును పిలవండి, మన గురువులకు ఇచ్చే పారితోషికమే ఇవ్వండి. పరిచయం చేసేటప్పుడు "ఈజిప్టు బొమ్మల ఆధారంగా 1970లలో కూర్చిన పద్ధతి" అని ఉన్నమాట చెప్పండి, సూర్య నమస్కారాల దగ్గర 1920ల మాటా చెప్పండి. చేతులు లేని కుర్చీలు ముందురోజే తెప్పించి, వెనక గోడవారన కాకుండా మొదటి వరసలో వేయండి.