సవరణ: కుండనీళ్ల లెక్కలో 2257

కుండనీళ్ల గురించి నిన్న పెట్టిన పోస్టులో, కిలో నీరు ఆవిరవడానికి 2257 కిలోజౌల్స్ వేడి కావాలని ఉంది. అది 100 డిగ్రీల దగ్గర మరిగే నీటి లెక్క. అమలాపురంలో అరుగు మీద పెట్టిన కుండ తడి 30 డిగ్రీల దగ్గరే ఇగురుతుంది. అక్కడ గుప్తోష్ణం, అంటే కిలో నీరు ఆవిరవడానికి కావలసిన వేడి, ఇంకా ఎక్కువ, సుమారు 2430 కిలోజౌల్స్. కుండ గోడల్లోంచి చెమర్చిన 100 గ్రాముల తడి ఆరితే కుండ నుంచి 243 కిలోజౌల్స్ వేడి పోతుంది. బయటి వేడి చేరకపోతే లోపలి పది లీటర్ల నీళ్లూ దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి.

కోనసీమలో అంత చల్లబడటం లేదంటున్నారు. నిజమే. సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి తడి నెమ్మదిగా ఆరుతుంది. గుప్తోష్ణం అంతే ఉంది, ఆరే నీరే తక్కువ. కుండకు పెయింట్ వేయించారా? అయితే చెమర్చదు కూడా, మామూలు మట్టికుండే కొనండి.