బ్లాక్ శాతం ఒక్కటే చూస్తే చాలదు

నెల్లూరు, గూడూరు, తిరుపతి నుంచి గుండె వైద్యానికి చెన్నై వచ్చే మనవాళ్లు యాంజియో రిపోర్టు అందగానే అడిగేది ఒకటే: బ్లాక్ ఎంత శాతం? 70 అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. 40 అంటే ఊపిరి పీల్చుకుంటారు. కానీ ఆ అంకె రక్తనాళం ఎంత సన్నబడిందో చెబుతుందే తప్ప, గుండె కండరానికి రక్తం సరిపడా అందుతోందో లేదో చెప్పదు.

అది తేల్చాలంటే లెక్క కావాలి. నాళం వ్యాసార్థం సగానికి తగ్గితే ఆ ముక్కలో ప్రవాహానికి అడ్డు 16 రెట్లు పెరుగుతుంది. అయితే బ్లాక్ పొడవెంత, దాని అవతల ఎంత కండరం ఉంది అన్నవీ లెక్కలోకి వస్తాయి. పైగా కింది చిన్న నాళాలు వెడల్పై లోటును కొంత పూడుస్తాయి, కానీ శ్రమ పడ్డప్పుడు అది చాలదు. అందుకే కూర్చున్నంతసేపూ బాగున్న మనిషికి సెంట్రల్ స్టేషన్ మెట్లెక్కితే ఛాతీ పట్టేస్తుంది.

క్యాథ్ ల్యాబ్‌లో, అంటే యాంజియో చేసే గదిలో, మందుతో ప్రవాహాన్ని పెంచి, సన్నటి వైరుతో బ్లాక్ అవతలి ఒత్తిడిని కొలిచి, మహాధమని ఒత్తిడితో భాగిస్తారు. ఇదే ఎఫ్‌ఎఫ్‌ఆర్ (ఫ్రాక్షనల్ ఫ్లో రిజర్వ్). 0.80 లేదా అంతకు తక్కువ వస్తే స్టెంట్ అవసరమని భావిస్తారు. 1,005 మందిపై జరిగి 2009లో వెలువడిన ఫేమ్ అధ్యయనంలో, యాంజియో మాత్రమే చూసిన వర్గంలో ఒక్కొక్కరికి సగటున 2.7 స్టెంట్లు పడ్డాయి. ఈ కొలత చూసిన వర్గానికి 1.9 సరిపోయాయి. ఏడాదిలో మరణం, గుండెపోటు, మళ్లీ ప్రొసీజర్ వంటివి కూడా మొదటి వర్గంలో 18.3 శాతం, రెండో వర్గంలో 13.2 శాతం. ఇంత తేడా కనిపిస్తున్నా శాతం చూసే స్టెంట్‌కు తొందరపడటం నాకు మింగుడుపడదు.

ఇప్పుడు వైరు లేకుండానే, సీటీ స్కాన్‌లోని నాళాల ఆకారంపై ద్రవాల ప్రవాహాన్ని లెక్కగట్టే నావియర్–స్టోక్స్ సమీకరణాలను కంప్యూటర్‌తో సాధించి ఇదే విలువను అంచనా వేస్తున్నారు. కాల్షియం పేరుకున్న నాళాలు స్కాన్‌లో మసకబారితే లెక్కా తప్పుతుంది.

అంతకన్నా కష్టమైనది కణాల సంగతి. నాళం లోపొర కణాలు రక్తం ఒరిపిడిని పసిగడతాయి. ధార నిలకడగా ఉన్నచోట దాని దిశలోనే సాగి వరుసగా అమరతాయి. నాళం చీలే మలుపుల్లో ఒరిపిడి తగ్గి, దిశ మారుతూ ఉంటుంది. కొవ్వు ఎక్కువగా పేరుకునేదీ అక్కడే. అంటే ప్రవాహం గోడను మారుస్తుంది, మారిన గోడ ప్రవాహాన్ని మారుస్తుంది. గుండె కవాటం రెక్కల కదలికనూ రక్తాన్నీ ఒకే లెక్కలో పెట్టే పద్ధతిని గణిత శాస్త్రవేత్త చార్లెస్ పెస్కిన్ 1972లోనే చూపారు. ఏళ్ల తరబడి మారే గోడను అలా పట్టుకోవడం ఇంకా తేలని పని.

ఐఐటీ మద్రాస్, పెద్ద గుండె ఆసుపత్రులు ఒకే ఊళ్లో ఉన్నాయి. రోగుల అనుమతితో స్కాన్లనూ వైరు కొలతలనూ పక్కపక్కన పెట్టి, ఈ కంప్యూటర్ లెక్కలు మనవాళ్ల నాళాలకు ఎంతవరకు సరిపోతాయో ఇక్కడే పరీక్షించాలి. గుండెపోటుతో వచ్చినవారి సంగతి వేరు, అక్కడ ప్రతి నిమిషమూ విలువైనదే. మిగతావారు మాత్రం సంతకం పెట్టేముందు డాక్టర్‌గారిని అడగొచ్చు: ఈ బ్లాక్ వల్ల రక్తం తగ్గుతోందని ఏ పరీక్షలో తేలింది?