వైన్ అంటే దొంగ విండోస్ కాదు

పాతపట్నం నుంచి పర్లాకిమిడిలో మా డీటీపీ కొట్టుకి శుభలేఖల పనిమీద వచ్చేవాళ్లు కూడా ఈమధ్య అదే వాట్సాప్ మెసేజ్ చూపిస్తున్నారు. అందులో ఉన్నదిది: "విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్టు ఆగిపోయింది. పాత కంప్యూటర్లో లినక్స్ ఎక్కించి వైన్ పెట్టండి. అది లోపల దొంగచాటుగా విండోస్‌నే నడుపుతుంది. కాస్త నెమ్మదైనా ప్రోగ్రాములన్నీ పనిచేస్తాయి. వైరస్ అసలు రాదు."

తేదీ నిజమే. లినక్స్ అంటే విండోస్‌కి బదులు కంప్యూటర్‌ని నడిపే ఇంకో సిస్టమ్. విండోస్ ప్రోగ్రాముల్ని దానిమీద నడిపించే సాఫ్ట్‌వేరే వైన్. మిగతాది చూద్దాం.

లోపల విండోస్ నడుస్తుందా? నడవదు. అలా నడిపేది, కంప్యూటర్లోనే ఇంకో కంప్యూటర్ ఉన్నట్టు చేసే వర్చువల్‌బాక్స్ లాంటిది. దానికి ర్యామ్ పంచిపెట్టాలి, విండోస్ లైసెన్సూ కొనాలి. 'వైన్ ఈజ్ నాట్ ఎన్ ఎమ్యులేటర్' (ఇంకో కంప్యూటర్‌లా నటించేదాన్ని కాను) అని వైన్ తన పేరులోనే చెప్పుకుంది. ప్రోగ్రాము విండోస్ పద్ధతిలో "ఈ ఫైలు తెరువు" అంటే, వైన్ ఆ మాటని లినక్స్‌కి తెలిసిన పద్ధతిలో అడిగి జవాబు తెచ్చిస్తుంది. మా బజార్లో ఒడియాలో బేరమాడుతూనే లోపలి కుర్రాడికి తెలుగులో కేకేసే షావుకారు చేసేదీ ఇదే. కాబట్టి నెమ్మదించి తీరాలనీ లేదు.

దొంగతనమా? 1993లో మొదలెట్టి, మైక్రోసాఫ్ట్ కోడు వాడకుండా సొంతంగా రాసుకున్నారు. 1.0 వెర్షన్ 2008లో గానీ రాలేదు. దొంగ సరుక్కి 15 ఏళ్లు పడుతుందా? మీరు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ప్రోగ్రాము దొంగ కాపీ అయితే మాత్రం వైన్‌లోనూ దొంగ కాపీయే.

అన్నీ పనిచేస్తాయా? మా కొట్లో తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ ఒకటుంది, డాంగిల్ (పెన్‌డ్రైవ్ లాంటి తాళంచెవి) గుచ్చితేనే తెరుచుకుంటుంది. వైన్‌లో ఇన్‌స్టాల్ అయింది, ఐకానూ వచ్చింది. నొక్కితే డాంగిల్ లేదంది. ఎదురుగా దాని ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది! ఇలాంటి డాంగిల్‌కి విండోస్ కెర్నెల్లో, అంటే సిస్టమ్ నడిబొడ్డున, కూర్చుని పరికరాన్ని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రాము కావాలి, వైన్‌లో అలాంటివి చాలావరకు నడవవు. ఆవేళ పెళ్లికూతురి పేరు పక్క కొట్లో కొట్టించుకొచ్చాను.

వైరస్ మాట అన్నిటికన్నా ప్రమాదం. మామూలుగా వైన్‌లో జెడ్ డ్రైవ్ అంటే మీ లినక్స్ ఫైళ్లన్నీ. మీరు తెరవగలిగిన ఫైలుని వైన్‌లో నడిచే ప్రోగ్రామూ తెరవగలదు. ఫైళ్లకి తాళమేసి డబ్బడిగే వైరస్‌కి అంతకన్నా ఏం కావాలి? జెడ్ డ్రైవ్ తీసేసినా పూర్తి రక్షణేం కాదు. అందుకే శుభలేఖకి పెన్‌డ్రైవ్ తెచ్చినవాళ్ల దగ్గర నేను ఫొటోలు మాత్రమే కాపీ చేసుకుంటాను, అందులో ఇంకేమున్నా నొక్కను.