మగ్గం చప్పుడు వినిపించే వీధికి దారి చూపాలి

మన ఒడిశాలోని బరంపురానికి చుట్టాలు వస్తే వారికి మనం ఏం చూపిస్తున్నాం? సముద్రానికి గోపాలపూర్, అమ్మవారి దర్శనానికి తారాతారిణి కొండ, వేడినీటి ఊటకు తప్తపాణి. బండి మాట్లాడి ఈ మూడు చోట్లకూ పంపించి, తిరిగి వచ్చాక పెద్ద బజారులో ఒక పట్టుచీర కొనిపించి, నాలుగు కట్టల అప్పడాలు సంచిలో పెట్టి రైలెక్కిస్తాం. ఆ చీరను ఏ ఇంట్లో నేశారో, ఆ అప్పడం ఏ వాకిట్లో ఎండిందో చూపించాలని మనకు తోచదు. దుకాణానికి కూతవేటు దూరంలో ఉన్న పాత బరంపురం నేతవీధులను చూడకుండానే అతిథి వెళ్లిపోతాడు. పట్టునగరమన్న పేరు ఈ ఊరికి తెచ్చిపెట్టిన వీధులవే. వాటిని ఊరి కళావాడగా గుర్తించి, బయటివారు నడిచి చూసేందుకు వీలుగా తీర్చిదిద్దాలని, ఆ పని నేతగాడి సంపాదనతోనే మొదలు కావాలని ఈ పత్రిక కోరుతోంది.

ఇటువంటి ప్రయత్నాలు దేశంలో కొత్తవేమీ కావు. ముంబైలోని కాలా ఘోడాలో 1999 నుంచి కళోత్సవం జరుగుతోంది. 2012 డిసెంబరు 12న మొదలైన కొచ్చి-ముజిరిస్ బినాలే అనే కళాప్రదర్శన ఫోర్ట్ కొచ్చిలోని పాత గోదాములను ప్రదర్శనశాలలుగా మార్చింది. అయితే అక్కడ ప్రదర్శించే కళలో చాలా భాగం ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరుతుంది. మనకు దగ్గరి పోలిక మన రాష్ట్రంలోనే, పూరీ పక్కన ఉంది. రఘురాజపూర్‌ను 2000లో వారసత్వ సంపదను కాపాడే ఇంటాక్ సంస్థ వారసత్వ గ్రామంగా తీర్చిదిద్దింది. ఆ ఊళ్లో చిత్రకారుడి ఇల్లే ప్రదర్శనశాల, అతని అరుగే అంగడి. పటచిత్రం కొనదలచినవారు అది వేసిన చేతుల ఎదుటే కూర్చుని బేరమాడుకుంటారు. బరంపురం నేతవీధులకు కావలసిన నమూనా అది.

ఈ వీధుల్లో చూడవలసింది ఏముందని అడిగేవారికి కొంచెం వివరంగా చెప్పక తప్పదు. ఇక్కడ డేరాలని పిలిచే నేతవారైన దేవాంగుల పూర్వీకులు రాజమహేంద్రవరం ప్రాంతం నుంచి మహురి రాజుల పిలుపు మీద వచ్చి స్థిరపడ్డారని పెద్దలు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. వారితో వచ్చిన తెలుగు ఇంట్లో నిలిచింది, వారు నేసిన పట్టు ఒడిశా అంతటా పెళ్లిపీటల దాకా వెళ్లింది. చీర అంచు పొడవునా గుడి గోపురాల్లా లేచే కుంభాల వరుస బరంపురం నేతకు ఆనవాలు. దాన్ని ఫోడా కుంభ అంటారు. ఆడవారికి చీర, మగవారికి జోడా అనే పంచెల జత నేయడం ఇక్కడి ఆచారం. బరంపురం పట్టుచీరకూ జోడాకూ కలిపి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కానీ ఆ గుర్తింపు పత్రాన్ని చదివినవారికి కుంభం ఎలా లేస్తుందో అర్థం కాదు. ఉదయం పూట, ఎండ ముదరకముందే, ఒక నేత ఇంటి గడప దగ్గర కొంతసేపు నిలబడితే తెలుస్తుంది. లోపల రాట్నం మీద ఇంటి ఇల్లాలు కండెలు చుడుతూ ఉంటుంది. గుంట మగ్గంలో కాళ్లు దింపి కూర్చున్న నేతగాడు తొక్కుడు కర్ర నొక్కగానే పడుగు, అంటే నిలువు పోగుల వరుస, రెండుగా విడిపోతుంది, కండె ఉన్న నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి జారుతుంది, దానితో పాటు పేక, అంటే అడ్డపోగు, సాగుతుంది, పలక ఒక్కసారి వచ్చి దాన్ని బిగించి వెళ్తుంది. అంచు దగ్గరికి వచ్చేసరికి ఆ వేగమంతా తగ్గిపోతుంది. లెక్క తప్పితే కుంభం వంకర పోతుంది కనుక పోగు పోగూ చూసుకుంటూ నేయాలి. ఈ ఒక్క దృశ్యం చూసినవారు చీర ధర గురించి మళ్లీ అదే గొంతుతో బేరమాడలేరని మా నమ్మకం.

నేతవీధికి వచ్చినవారు ఆకలితో తిరిగి వెళ్లకూడదు. ఆ విషయంలో ఈ ఊరికి ఒకరు నేర్పవలసిందేమీ లేదు. తెలుగువారి ఇడ్లీ, ఉప్మా, ఒడియావారి ఘుగునీ ఒకే పొయ్యి పక్కన ఉడికి, ఒకే దొప్పలో కలిసే ఊరు ఇది. వేడి గారె మీద బఠాణీల ఘుగుని పోయించుకుని నిలబడి తినడం బరంపురంలో పొద్దు పొడుపులో ఒక భాగం. ఇక అప్పడాలూ ఊరగాయలూ వడియాలూ ఈ ఊరికి పట్టుతో సమానంగా పేరు తెచ్చినవి. మినప్పిండిని దంచి, ఉండలు చేసి, పల్చగా ఒత్తి, చాపల మీద ఆరబెట్టే పనిలో ఎక్కువగా ఆడవారి చేతులే కనిపిస్తాయి. వారు ఇంటి పట్టున పనిచేస్తారు, సరుకు మాత్రం వేరొకరి పేరున్న పొట్లంలో ఊరు దాటుతుంది. నేతవీధిలో నడిచే అతిథి అప్పడాన్ని కూడా ఒత్తిన చేతి నుంచే కొనగలిగితే ఆ ఇంటికి మిగిలేది పెరుగుతుంది. ఇది చిన్న విషయమని మేము అనుకోవడం లేదు.

ఇవన్నీ ఒక్కచోట కలిసే సందర్భం ఊరి అమ్మవారైన బుఢీ ఠాకురాణి జాతర. రెండేళ్లకోసారి చైత్రంలో అమ్మవారు గుడి విడిచి దేశీబెహెరా వీధిలోని తాత్కాలిక మందిరానికి వస్తుంది. నేతవారి కులపెద్ద దేశీబెహెరా ఆమెకు తండ్రి వరుస కనుక, అది ఆమెకు పుట్టింటి రాక. నెల కాస్త అటూ ఇటూగా సాగే ఆ రోజుల్లో, రాత్రి వేళ ఘటాలు వీధి వీధీ తిరుగుతాయి. మొక్కుకున్నవారు వేషాలు కడతారు. పులి వేషం కట్టి డప్పుకు అడుగు వేసే కుర్రవాడి వెనుక పిల్లలంతా పరుగెడతారు. కూడళ్లలో రథాలు నిలుపుతారు. ఇక్కడ రథమంటే లాగే బండి కాదు. పురాణ కథల్లోని, చరిత్రలోని ఘట్టాలను బొమ్మలుగా మలిచి నిలబెట్టే కట్టడం. బంకమన్ను, వెదురు, రంగు తప్ప మరేమీ పెద్దగా లేకుండా ఈ వీధుల పనివారు నిలబెట్టే ఆ బొమ్మల కొలువును మించిన బహిరంగ చిత్రశాల ఈ సరిహద్దు జిల్లాల్లో లేదు. జాతర ముగిశాక వాటిని విప్పేస్తాం. వాటి ఫొటోలు, నమూనాలు, చేసినవారి పేర్లు ఏడాది పొడవునా చూడగలిగే ఒక చిన్న గది కూడా లేకపోవడం మనందరి లోటు.

మరో లోటు అంతకన్నా బరువైనది. మన గంజాం జిల్లా యువకులు సూరత్ మరమగ్గాల మీద పనికి వెళ్లడం ఏళ్ల తరబడిగా సాగుతోంది. ఇంట్లో చేతిమగ్గం ఉన్న జిల్లా నుంచి పరాయి ఊళ్లో మరమగ్గం దగ్గర నిలబడటానికి రైలెక్కే కుర్రవాళ్లను చూస్తూ, నేతకళ గురించి గొప్పగా రాయడానికి మా చెయ్యి రావడం లేదు. కారణాలు తెలియనివి కావు. పట్టునూలు బెంగళూరు నుంచి రావాలి, ధర పెరిగితే ఆ భారం ముందు నేతగాడి మీదే పడుతుంది. అంచు నమూనాను అనుకరించిన మరమగ్గపు చీర సగం ధరకు పక్క దుకాణంలో వేలాడుతుంది. కొన్ని రకాల వస్త్రాలను చేనేతకే ప్రత్యేకించే చట్టం 1985లోనే వచ్చింది. కానీ ఏది చేనేతో ఏది కాదో గుర్తుపట్టలేని కొనుగోలుదారు ముందు చట్టం ఒక్కటే నిలబడలేదు. చీరను తిరగవేసి వెనుక వైపు పోగులు చూడాలని, అంచు కలిసే చోటు పరీక్షించాలని నేతగాడే వివరించే అవకాశం ఉంటే, ఆ కొనుగోలుదారు మరోసారి మోసపోడు. నేతవీధిలో నడక కావాలని మేము కోరడానికి మొదటి కారణం ఇదే.

చేయవలసిన పనులకు కోట్ల రూపాయలు అక్కరలేదు. రైల్వే స్టేషన్ నుంచి, పెద్ద బజారు నుంచి నేతవీధులకు దారి చూపే బోర్డులు ఒడియా, తెలుగు, ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాలి. ఇళ్లలో తెలుగు మాట్లాడుతూ బడిలో ఒడియా చదివే ఈ వీధి పిల్లలకు తమ ఇంటి భాష తమ వీధి మొగలో కనిపించడం కూడా అవసరం. మురుగుకాలువలు కప్పాలి, ఉదయం రెండు మూడు గంటల పాటు బండ్లు ఆపి నడవడానికి చోటు ఇవ్వాలి. మగ్గం చూపించే ఇంటికి ఆ సమయానికి తగిన రుసుము అక్కడికక్కడే ముట్టాలి. వీధిని చూపించే పని ఆ వీధి యువతీయువకులకే ఇవ్వాలి. అంగడి గది ఒకటి ఉంటే అందులో పట్టుతో పాటు అప్పడాలు, ఊరగాయలు, బెల్లగుంఠ పనివారు ఒళ్లు వంచే విధంగా చేసే ఇత్తడి చేప, భౌగోళిక గుర్తింపు పొందిన గంజాం మొగలి అత్తరు కూడా ఉంచవచ్చు. జాతర బొమ్మల గదిని తీర్చిదిద్దే పనికి మన జిల్లాలోనే ఖల్లికోటలో ఉన్న చిత్రకళా కళాశాల విద్యార్థులను పిలవాలి.

గోడలకు రంగులు వేసి కళావాడ అని పేరు పెట్టే పద్ధతికి మేము అనుకూలం కాదు. బొమ్మ గీసిన గోడ వెనుక మగ్గం మూగబోతే అది అలంకారం మాత్రమే. ఇంకొక ప్రమాదమూ ఉంది. వీధికి పేరు వచ్చిన కొద్దీ స్థలాల ధరలు, అద్దెలు పెరుగుతాయి. నేత ఇంటిని కొని అక్కడ కాఫీ దుకాణం తెరిచే రోజు రావచ్చు. నేతవారిని వీధి నుంచి కదిలించే ఏ పథకానికీ అనుమతి ఇవ్వకూడదని ముందే తీర్మానించాలి. వచ్చే అతిథులకు కూడా మర్యాద తెలియజెప్పాలి. గడప బయట నిలబడి అడిగి లోపలికి రావాలి, ఫొటోకు అనుమతి తీసుకోవాలి, వంటిల్లు చూపించమని అడగకూడదు. అది సంగ్రహాలయం కాదు, సంసారం నడిచే ఇల్లు.

ఈ ఆలోచన బరంపురంతో ఆగనక్కరలేదు. పర్లాకిమిడిలో కొమ్ముతో దువ్వెనలు, పక్షులు, దేవతామూర్తులు చెక్కే పనివారి ఇళ్లకూ, గజపతుల కోటకూ, వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరి వీధులకూ కలిపి ఒక నడకదారి వేయవచ్చు. నౌపడా నుంచి 1900లో రైలు వచ్చిన ఊరు అది; ఆ పాత రైలు దారి వెంటే ఆంధ్ర వైపు నుంచి అతిథులు ఇవాళా రాగలరు. అక్కడి సంగతి మరొకసారి విడిగా రాస్తాం.

ఇచ్ఛాపురం దాటి పాతిక కిలోమీటర్లు వస్తే బరంపురం. పెళ్లి బట్టల కోసం ఆ దారిన వచ్చే తెలుగు కుటుంబాలు ఏటా ఎన్నో. ఆ కుటుంబాలను దుకాణం నుంచి మగ్గం దాకా నడిపించే మొదటి బోర్డు అమ్మవారు మళ్లీ పుట్టింటికి వచ్చే చైత్రానికి ముందే దేశీబెహెరా వీధి మొగలో నిలబడాలి. నగర పాలకులు, చేనేత శాఖ, దేవాంగ పెద్దలు ఒకచోట కూర్చుని ఆ తేదీని ప్రకటించాలని కోరుతున్నాం.