బదిలీ అయిన సముద్రతీరం

నేను ఉద్యోగ జీవితమంతా బదిలీల సెక్షన్‌లో గడిపినవాణ్ని. రిలీవింగ్ ఉత్తర్వులో ‘తక్షణమే’ అన్న మాట ఎక్కడ పెడితే ఉద్యోగికి నిద్ర పట్టదో నాకు బాగా తెలుసు. అందుకే గ్రేట్ నికోబార్ ద్వీపంలో ప్రభుత్వం తలపెట్టిన పెద్ద రేవు కోసం గలాథియా తీరం పోతోందంటూ కొందరు గుండెలు బాదుకుంటుంటే నాకు జాలి వేసింది. ఫైలు తిరగేశాను. పోవడం అన్న మాట అందులో ఎక్కడా లేదు. తీరానికి బదిలీ అయింది, అంతే. తాబేళ్లు ఒకచోటికి, పక్షులు ఒకచోటికి, పగడాలు మరోచోటికి, అడవి ఇంకోచోటికి. ఉమ్మడి కుటుంబం విడిపోతే బిందెలూ గంగాళాలూ పంచుకోరా?

ముందు అభియోగం చూద్దాం. మన దేశానికి దక్షిణపు కొస ఇందిరా పాయింట్. దానికి దగ్గరలో గలాథియా నది సముద్రంలో కలిసే చోట ఈ అఖాతం ఉంది. ఈ తీరం చేసిన నేరం అందంగా ఉండటం కాదు. అందమైన తీరాలు మనకు చాలానే ఉన్నాయి, వాటి సంగతి ప్లాస్టిక్ కప్పులు చూసుకుంటాయి. దీని నేరం లోతు. ఒడ్డుకు దగ్గరలోనే ఇరవై మీటర్ల సహజమైన లోతు. పైగా మలక్కా జలసంధి మీదుగా తిరిగే ఓడల దారి పక్కనే. మన కంటైనర్లు కొలంబోలోనో సింగపూరులోనో ఓడ మారవలసి వస్తోందన్న దిగులు దేశానికి ఉంది, అది అబద్ధం కాదు. అంత దిగులుతో వెతుకుతున్నవాడి కంటికి, ఇంత లోతు పెట్టుకుని తాబేళ్లకు పురుళ్లు పోస్తూ కూర్చున్న తీరం ఎలా కనిపిస్తుంది? నడిబజారులో పెంకుటింట్లో ఒంటరిగా ఉంటున్న ముసలమ్మ బిల్డరుకు కనిపించినట్టు కనిపిస్తుంది.

అసలు ఈ తీరానికి పేరు పెట్టింది కూడా ఒక ఓడే. 1846లో డెన్మార్క్ నుంచి ‘గలాథియా’ అనే ఓడ ఈ దీవులకు వచ్చింది. అంతకు ముందు కూడా డేన్‌లు ఇక్కడ వలస స్థాపించాలని పలుమార్లు ప్రయత్నించి, మలేరియా దెబ్బకు మంచాన పడి తిరిగి వెళ్లారు. నికోబార్‌లో పర్యావరణ పరిరక్షణ చట్టాన్ని అందరికంటే నిక్కచ్చిగా అమలు చేసినవి దోమలు. ఇప్పుడు మందులు వచ్చేశాయి.

మందులతో పాటు సుమారు 72,000 కోట్ల రూపాయల అంచనా కూడా వచ్చింది. ఇరవై అడుగుల కంటైనర్ల లెక్కన ఏడాదికి 1.42 కోట్లు దించి ఎక్కించే రేవు, విమానాశ్రయం, విద్యుత్ కేంద్రం, టౌన్‌షిప్. అన్నీ కలిపి 166 చదరపు కిలోమీటర్లు. 2011 జనాభా లెక్కల ప్రకారం ద్వీపం మొత్తం మీద ఉన్నది ఎనిమిది వేల పైచిలుకు మనుషులు. ముప్పై ఏళ్లలో ఆ సంఖ్యను మూడు లక్షలు దాటించాలని సంకల్పం. దేశమంతా చిన్న కుటుంబం చింతలు లేని కుటుంబం అని గోడల మీద రాసిన ప్రభుత్వం ఒక్క ద్వీపం విషయంలో ఇంత ఉదారంగా ఉండటం సంతోషించదగ్గ విషయం.

అడ్డంకి ఒకటే. 1997 నుంచి గలాథియా అఖాతం వన్యప్రాణి అభయారణ్యం. 2021 జనవరిలో జాతీయ వన్యప్రాణి మండలి స్థాయీ సంఘం సమావేశమై ఆ హోదా తీసివేయడానికి ఆమోదం తెలిపింది. కొన్ని వారాలు తిరగకుండానే పర్యావరణ మంత్రిత్వ శాఖ సముద్ర తాబేళ్ల కోసం జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. అందులో తాబేళ్లకు ముఖ్యమైన ఆవాసాల్లో గలాథియా పేరు ఉంది. తెలియనివాళ్లు దీన్ని వైరుధ్యం అన్నారు. మా సెక్షన్‌లో దీన్ని వీడ్కోలు సభ అంటాం. ఉత్తర్వు చేతికిచ్చిన రోజు సాయంత్రమే శాలువా కప్పి, ‘వీరు లేని ఈ కార్యాలయాన్ని ఊహించలేం’ అని మైకు ముందు గొంతు సవరించుకుంటాం. ఊహించలేకపోవడానికీ పంపించడానికీ సంబంధం ఏమిటి?

ఇంతకీ బదిలీ అయిన ఉద్యోగి ఎలాంటిదో చూడాలి. లెదర్‌బ్యాక్ తాబేలుకు మామూలు తాబేలుకున్నట్టు గట్టి డిప్ప ఉండదు. నల్లటి తోలు, దాని మీద తల నుంచి తోక దాకా గట్లు. బరువు క్వింటాళ్లలో చెప్పాలి. చీకటి పడ్డాక ఒడ్డెక్కుతుంది. నీళ్లలో పక్షిలా ఎగరడానికి పనికొచ్చిన ముందు రెక్కలు ఇసుక మీద పనికిరావు. ఒళ్లు ఈడ్చుకుంటూ, నాలుగు బారలకోసారి ఆగి పెద్దగా ఊపిరి వదులుతూ వస్తుంది. వెనక ట్రాక్టరు నడిచినట్టు జాడ పడుతుంది. చోటు కుదిరాక వెనక కాళ్లతో గుంట తవ్వడం మొదలుపెడుతుంది. ఒక కాలు గరిటెలా వంగి ఇసుక తోడి పక్కన పోస్తుంది, అది ఆగగానే రెండో కాలు దిగుతుంది. తాను తవ్వుతున్న గుంటను అది ఒక్కసారి కూడా తిరిగి చూడదు. చేయి భుజం దాకా పెడితేగాని అడుగు తగలనంత లోతు వచ్చాక గుడ్లు పెడుతుంది. ఆ సమయంలో కళ్ల నుంచి చిక్కటి నీళ్లు కారుతుంటాయి. అది ఏడుపు కాదనీ, ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపే గ్రంథి పని అనీ శాస్త్రవేత్తలు తేల్చారు. కాబట్టి ఆ కన్నీళ్లకు అధికారులు సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం లేదు. తర్వాత ఇసుక కప్పి, గుంట ఎక్కడుందో ఎవరికీ తెలియకుండా చుట్టూ ఇసుక చెల్లాచెదురుగా విసిరి, సముద్రంలోకి వెళ్లిపోతుంది. రెండు నెలలకు పిల్లలు గుంటలోంచి పైకి వచ్చి, చీకట్లో ఎటువైపు వెలుగుంటే అటు పరుగెత్తుతాయి. ఇన్నాళ్లూ ఆ వెలుగు సముద్రం మీది ఆకాశం. ఇకమీదట రేవు దీపాలు. వెలుగు మునుపటికంటే చాలా ఎక్కువగా ఉంటుంది, పిల్లలు దీన్ని అభివృద్ధిగా గుర్తిస్తాయని ఆశిద్దాం.

తాబేలును పట్టించుకోలేదని ఎవరూ అనలేరు. శ్రీకాకుళం దగ్గర శ్రీకూర్మంలో కూర్మానికి గుడి కట్టి హారతి పట్టిన వాళ్లం మనం. దేవతలూ రాక్షసులూ పాలసముద్రం చిలికినప్పుడు కొండను వీపున మోసింది తాబేలే. అమృతం ఎవరికి దక్కిందో, హాలాహలం ఎవరు మింగారో పురాణంలో ఉంది. కొండ మోసినందుకు తాబేలుకు ఏమిచ్చారో మాత్రం నేను విన్న హరికథల్లో ఏ దాసుగారూ చెప్పలేదు. ఇప్పుడు మనం డ్రెడ్జర్లతో మళ్లీ చిలకబోతున్నాం, ఈసారి రికార్డు సరిగ్గా రాసిపెట్టాం. 2022లో లిటిల్ నికోబార్‌లో లెదర్‌బ్యాక్ అభయారణ్యం ప్రకటించారు. మెంచల్ దీవిలో మెగాపోడ్ పక్షికి, మెరో దీవిలో పగడాలకు చెరొకటి. ముగ్గురికీ పోస్టింగులు ఖరారు.

మెగాపోడ్ కేసు అయితే మరీ సులువు. అది గుడ్లను పొదగదు. ఒడ్డు పక్క అడవిలో మట్టీ ఇసుకా కుళ్లిన ఆకులూ కుప్ప పోసి, గుడ్లు అందులో పెట్టి, కుళ్లే ఆకుల వేడికే వదిలేస్తుంది. పిల్ల రెక్కలతోనే బయటికొచ్చి తల్లి మొహం చూడకుండానే బతుకు మొదలుపెడుతుంది. ఇంత బాధ్యత లేని తల్లిదండ్రులు సొంత చోటు కావాలని అడగడం న్యాయం కాదు. పైగా ఆ కుప్పకు ఏ పంచాయతీ అనుమతీ తీసుకోలేదు.

పగడాల దగ్గర లెక్క కాస్త చూడాలి. అక్కడ లెక్కించిన పగడాల సముదాయాలు 20,668. తరలించేవి 16,150. తీసివేస్తే 4,518. బదిలీల సెక్షన్‌లో ఇలాంటి మిగులు మామూలే, దాన్ని ‘పరిశీలనలో ఉంది’ అని రాస్తాం. పరిశీలనలో ఉన్నవాళ్లలో చాలామంది ఆ సీటులోనే రిటైరవుతారు.

ఇక అడవి. నా సర్వీసులో ఆదిలాబాద్‌లో ఉన్నవాణ్ని చిత్తూరుకు వేశాను, ఇద్దరు పిల్లల పరీక్షల ముందు వేశాను. కానీ ఇంత ధైర్యం నాకు లేకపోయింది. సుమారు 130 చదరపు కిలోమీటర్ల ఉష్ణమండల వర్షారణ్యం తీసేసి, దానికి బదులుగా మొక్కలు హర్యానాలో నాటాలని నిర్ణయించారు. సముద్రం మీదుగా రెండు వేల కిలోమీటర్లకు పైగా వెళ్లి, రాజస్థాన్ పక్కన చార్జి తీసుకోవాలి. అడవి వెంట దాని సిబ్బంది కూడా ఉంటుంది కదా. నికోబార్ కోతి ఒడ్డున ఎండ్రకాయలు ఏరుకుతినే జాతికి చెందినది. ఆవచేలల్లో దానికి ఎండ్రకాయ దొరుకుతుందా అని నేనొక నోటు పెట్టేవాణ్ని. చెట్ల సంఖ్య విషయంలో కూడా మంచి పురోగతి ఉంది. మొదటి కాగితాల్లో నరకవలసిన చెట్లు 8.52 లక్షలు. 2023లో పార్లమెంటుకు ఇచ్చిన జవాబులో 9.64 లక్షలు. అంటే మొక్క నాటకుండా, నీళ్లు పోయకుండా, ఫైలులోనే లక్షకు పైగా చెట్లు పెరిగాయి. హర్యానాలో ఇంత వేగంగా పెరుగుతాయన్న నమ్మకం నాకు లేదు.

నేలకు కూడా సర్వీసు రిజిస్టరు ఉంటుందని చాలామందికి తెలియదు. తీర ప్రాంత నియంత్రణ నిబంధనల్లో 1-ఎ అంటే తాబేళ్లు గుడ్లు పెట్టే చోట్లు, పగడాలు, మడ అడవులు. అక్కడ రేవు కట్టకూడదు. 1-బి అంటే ఆటుపోట్ల మధ్య నేల. అక్కడ కట్టవచ్చు. రేవు కట్టే చోటు మొదట 1-ఎ కింద కనిపించింది. తర్వాత వెళ్లి మళ్లీ కొలిచి చూస్తే 1-బి అని తేలింది. ఇసుక అదే, అలలు అవే, గ్రేడు మారింది. పుట్టిన తేదీ దిద్దించుకుని రెండేళ్లు ఎక్కువ పనిచేసిన మా సూపరింటెండెంటు గుర్తొచ్చి ఆ రాత్రి చాలాసేపు నవ్వుకున్నాను.

మనుషుల ఫైలు దగ్గర మాత్రం నా చేయి కొంచెం ఆగింది. 2004 డిసెంబరు 26 సునామీలో ఇక్కడి గిరిజనులైన నికోబారీల ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. బతికి బయటపడ్డవాళ్లను క్యాంప్‌బెల్ బే దగ్గర కాలనీల్లో ఉంచారు. తమ పాత ఊళ్లకు తిరిగి వెళతామని వాళ్లు అప్పటి నుంచీ అడుగుతున్నారు. డెప్యుటేషన్ మీద వెళ్లినవాడు తిరిగి వస్తానంటే, ఆ సీటులో ఇంకొకరి పేరు బల్ల మీద చెక్కి ఉన్నట్టుంది వాళ్ల పని. 2022లో వాళ్ల గిరిజన మండలి ముందు అభ్యంతరం లేదని సంతకం చేసి, విషయం పూర్తిగా తెలిశాక అదే ఏడాది నవంబరులో ఆ పత్రం వెనక్కి తీసుకుంది. వెనక్కి తీసుకున్న సంతకాన్ని ఏ ఫైలులో పెట్టాలో మా మాన్యువల్‌లో లేదు. లోపలి అడవిలో ఉండే మరో గిరిజన తెగ షోంపెన్‌లు 2011 లెక్కల ప్రకారం 229 మంది. వాళ్ల భాష బయటివాళ్లకు దాదాపుగా రాదు. ఉత్తర్వు చదివి వినిపించే గుమాస్తా దొరకలేదు కాబట్టి వాళ్ల మౌనాన్ని అంగీకారంగా రాసుకోవచ్చా అని ఎవరైనా నన్ను అడిగితే, నేను కళ్లజోడు తుడుచుకుని లంచ్‌కు లేచేవాణ్ని.

ఈ వ్యవహారంలో నిజంగా క్రమశిక్షణ లేనిది సముద్రం. సునామీ రోజున అది ఏ పర్యావరణ అనుమతీ లేకుండా గలాథియా ఇసుకనంతా ఎత్తుకుపోయింది. ఇందిరా పాయింట్ దగ్గర నేల నాలుగు మీటర్లకు పైగా కుంగిపోయి, ఒడ్డున ఉన్న దీపస్తంభం నీళ్లలో నిలబడింది. అక్కడితో ఊరుకుందా? కొన్నేళ్లలో ఇసుకను కొంచెం కొంచెంగా తెచ్చి మళ్లీ ఒడ్డున పోసింది. తాబేళ్లు మళ్లీ వచ్చాయి. ఒక మంత్రి సిఫార్సు లేకుండా, ఒక దరఖాస్తు లేకుండా, బదిలీ రద్దు చేయించుకుని పాత సీటుకే వచ్చి కూర్చున్నాయి. అదే నేల మీద ఇప్పుడు లక్షల మందికి టౌన్‌షిప్ కట్టాలని సంకల్పించారు. భూమి మళ్లీ కుంగకూడదని దానికి సర్క్యులర్ పంపే ఉంటారు.

ఇక మిగిలింది ఉత్తర్వు అందజేయడం. ఇక్కడే పని ఆగింది. లిటిల్ నికోబార్‌లో చేరవలసిందిగా రాసిన కాగితం గుడ్లు పెట్టే తాబేలు చేతికి ఇవ్వాలి, అందినట్టు సంతకం తీసుకోవాలి. అది ఆఫీసు వేళల్లో దొరకదు. మిగతా ఏడాదంతా క్యాంపులో ఉంటుంది. లిటిల్ అండమాన్‌లో ఉపగ్రహ ట్యాగ్ కట్టిన కొన్ని తాబేళ్లు ఆస్ట్రేలియా వైపు వెళ్లాయి, కొన్ని హిందూ మహాసముద్రం దాటి ఆఫ్రికా వైపు వెళ్లాయి. అంత దూరం వెళ్లి కూడా తిరిగి ఇదే ఇసుక వెతుక్కుంటూ వచ్చే ఉద్యోగికి ‘మీ సీటు మారింది’ అని ఎలా చెప్పాలి? తపాలాలో పంపితే ‘చిరునామాదారు సముద్రంలో ఉన్నారు’ అని తిరిగి వస్తుంది.

నన్ను సలహా అడిగితే ఒకటే చెబుతాను. ఒక జవానును డిసెంబరు రాత్రి ఒడ్డున కూర్చోబెట్టాలి. తాబేలు వస్తుంది, గుంట తవ్వుతుంది, వెళుతుంది. వెళ్లేటప్పుడు ఇసుక మీద ఆ చివర నుంచి ఈ చివరకు రెక్కల గీతలు పడతాయి. మా సెక్షన్‌లో చదువు రానివాళ్ల వేలిముద్ర చెల్లుతుంది, కాబట్టి అదీ చెల్లుతుంది. దాన్ని ఫోటో తీసి ఫైలుకు జతచేయాలి. అయితే జవాను కునుకు తీయకూడదు. తెల్లవారేలోగా పోటు వచ్చి ఆ సంతకం చెరిపేస్తుంది. అప్పుడు నిబంధనల ప్రకారం ఉత్తర్వు ఇంకా అందనట్టే.