ఇంట గెలిచిన నగరమేది?

2026 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు అమెరికా తరఫున 11 నగరాల పేర్లు ఖాయమయ్యాయి. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్, డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, మయామీ వాటిలో కొన్ని. ఇలాంటి జాబితా వచ్చినప్పుడల్లా ఓ పాత వాదన లేస్తుంది. వీటిలో నిజంగా ప్రపంచ స్థాయి అనదగ్గ నగరాలెన్ని? జాబితాను కాస్త గిల్లి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. పేరు ఒక ఊరిది, ఆట మరో ఊళ్లో. బోస్టన్ మ్యాచ్‌లు దూరాన ఉన్న ఫాక్స్‌బరోలో. శాన్‌ఫ్రాన్సిస్కోవి శాంటా క్లారాలో. న్యూయార్క్ పేరు మీద జరిగే ఫైనల్ నది అవతల, న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. డాలస్ వాటాకు వచ్చిన 9 మ్యాచ్‌లకు వేదిక ఆర్లింగ్టన్. దాదాపు 4 లక్షల మంది ఉండే ఆ ఊళ్లో ఒక దారంటూ పెట్టుకుని, టైము ప్రకారం తిరిగే సిటీ బస్సే లేదు. ఫోన్ చేస్తే వచ్చే వ్యాన్లే దిక్కు. లోకమంతా వచ్చి చూసేంత స్టేడియం ఉంది. అందులో ఊడ్చి తుడిచే మనిషి సొంత కారు లేకుండా పనికి రావడానికి బస్సు మాత్రం లేదు.

ప్రపంచ స్థాయిని కొలిచే పద్ధతులు లేకపోలేదు. బ్రిటన్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయంలో మొదలైన ఒక పరిశోధక బృందం పెద్ద ఆడిట్, లా, బ్యాంకింగ్, ప్రకటనల సంస్థల ఆఫీసులు ఏ నగరాల మధ్య ఎలా అల్లుకున్నాయో చూసి మెట్లు కడుతుంది. అందులో పై మెట్టు మీద ఏళ్ల తరబడి లండన్, న్యూయార్క్ రెండే నిలిచాయి. ఆ లెక్క తప్పని మేము అనడం లేదు. కానీ అది రచ్చ గెలిచిన లెక్క. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు మన పెద్దలు. నగరం ఇంట గెలిచిందో లేదో తెలియాలంటే అక్కడ బలహీనుడి రోజు ఎలా గడుస్తుందో చూడాలి. కారు లేనివాడు, డబ్బు అంతగా లేనివాడు, భాష సరిగా రానివాడు, నిన్ననే దిగినవాడు. వీళ్లు ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలిగితే ఆ పేరు ఇవ్వొచ్చు. మేము పట్టుకున్న కొలబద్ద ఇదే.

ఈ కొలబద్ద మన ఇళ్లలో చాలామందికి అనుభవమే. డాలస్ శివార్లలోని ఫ్రిస్కోలోనో, అట్లాంటా ఉత్తరాన కమ్మింగ్‌లోనో కొడుకు ఇల్లు కొంటాడు. గృహప్రవేశానికో, కోడలి పురిటికో అమ్మానాన్నలు ఆరు నెలలకని వెళతారు. ఇల్లు దివ్యంగా ఉంటుంది. పొద్దున ఎనిమిదిన్నరకు అందరూ వెళ్లిపోయాక ఆ వీధిలో మనిషి అలికిడి ఉండదు. కరివేపాకు అయిపోతే తెచ్చుకోవడానికి లేదు. గుడి ఆరు మైళ్లలోనే ఉన్నా శనివారం దాకా ఆగాల్సిందే. ఇక్కడ బస్సెక్కి పక్క ఊరి సంతకు పోయి బేరమాడి వచ్చిన తల్లి అక్కడ కిటికీ దగ్గర కూర్చుని కొడుకు కారు ఎప్పుడొస్తుందా అని చూస్తుంది. డిపెండెంట్ వీసా మీద వెళ్లిన కోడలి పరిస్థితీ లైసెన్సు చేతికొచ్చేదాకా అంతే. వాళ్లకు తిండికీ బట్టకూ లోటుండదు. కాలు కదపడానికే ఉండదు. ఆ ఊరి కట్టడమే అలాంటిది. దీన్ని చిన్న ఇబ్బందిగా తీసిపారేయడానికి మేము ఒప్పుకోం.

అదే తల్లి న్యూయార్క్‌లో ఉందనుకుందాం. టైమ్స్ స్క్వేర్‌లో ఏడో నంబరు రైలు ఎక్కితే, నది కింద నుంచి వెళ్లి క్వీన్స్‌లో పైకి తేలి, ఇళ్ల కప్పుల మీదుగా పోతుంది. 74వ వీధి స్టేషన్ దగ్గర దిగితే చీరల కొట్లు, బంగారం కొట్లు, మామిడికాయలు, బెండకాయలు. దిగకుండా చివరిదాకా కూర్చుంటే ఫ్లషింగ్. అక్కడి నుంచి నడిచి బౌన్ వీధికి చేరితే 1977లో ప్రతిష్ఠ జరిగిన వినాయకుడి గుడి. దర్శనం చేసుకుని కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోసె తిని, మళ్లీ అదే రైల్లో ఇంటికి. ఎంత దూరం వెళ్లినా టికెట్ ధర ఒకటే. ఆమె పక్కన కూర్చున్న వాళ్లలో స్పానిష్ మాట్లాడేవాళ్లు, చైనా ముసలమ్మ, బెంగాలీ కూలీ, బ్యాంకు ఉద్యోగి అందరూ ఉంటారు. 1904లో మొదలైన ఆ సబ్‌వేకు ఇప్పుడు 472 స్టేషన్లు. రాత్రి రెండింటికి షిఫ్టు దిగిన నర్సుకూ రైలుంటుంది. నగరంలో సగానికి పైగా ఇళ్లలో కారే లేదు, దాన్ని ఎవరూ లేమిగా చూడరు. నీళ్లూ అంతే. వంద మైళ్ల అవతలి కొండల నుంచి వచ్చే నీటిలో ఎక్కువ భాగానికి వడపోత అక్కర్లేదు. అక్కడి అడవినీ వాగులనూ నగరమే డబ్బు పెట్టి కాపాడుకుంటోంది. కోటీశ్వరుడి కుళాయిలోనూ కూలివాడి కుళాయిలోనూ వచ్చేవి ఆ నీళ్లే.

అలాగని న్యూయార్క్‌కు నూటికి నూరు మార్కులు వేయలేం. చక్రాల కుర్చీలో ఉన్న మనిషికి ఆ 472 స్టేషన్లలో చాలావాటి తలుపు మూసి ఉన్నట్టే, ఎందుకంటే లిఫ్టు లేదు. కోర్టు దాకా వెళ్లి కొట్లాడితే 2022లో ఒప్పందం కుదిరింది. దాని ప్రకారం 95 శాతం స్టేషన్లకు సౌకర్యం అందేది 2055 నాటికి. ఇవాళ నలభై ఏళ్ల మనిషి అప్పటికి డెబ్భైకి చేరువవుతాడు. సెకండ్ ఎవెన్యూ కింద రైలు వేస్తామని 1920ల నుంచి చెబుతూ, 2017 జనవరి 1న మొదటి దశ తెరిచారు. మూడు కొత్త స్టేషన్లకు అయిన ఖర్చు సుమారు 450 కోట్ల డాలర్లు. ఇక అద్దెల సంగతి చెప్పనే అక్కర్లేదు, ఊరిని నడిపే వాళ్లనే ఊరి బయటకు నెడుతున్నాయి. అయినా ఒక మాట చెప్పాలి. అక్కడి జనం ఈ బాధలను ఓటు పెట్టెదాకా తీసుకువెళ్లారు. 2025 మేయర్ ఎన్నికలో గెలిచిన జొహ్రాన్ మమ్దానీ ప్రచారం అంతా ఇంటి అద్దె, ఉచిత బస్సు చుట్టూ తిరిగింది. ఆయన హామీలు ఎంతవరకు నెరవేరతాయన్నది వేరే చర్చ. బస్సు మీద మేయర్ ఎన్నిక జరిగే ఊరికి తన పని ఏమిటో తెలుసని మాత్రం మా నమ్మకం.

మా లెక్కలో రెండో స్థానం షికాగోది. ప్రపంచకప్ జాబితాలో ఆ పేరు లేదు కదా అంటారేమో. 2018లో తనంత తానే తప్పుకుంది. నిర్వాహకుల షరతులకు ఒప్పుకుంటే పన్ను కట్టేవాళ్ల మీద ఎంత భారం పడుతుందో తేలడం లేదని చెప్పి వద్దంది. లోకం మెప్పు కోసం ఊరి ఖజానాను తాకట్టు పెట్టనన్న ఆ మాటకు మేము ఎక్కువ విలువ ఇస్తాం. 1871లో కాలి బూడిదైన ఊరు 22 ఏళ్లు తిరిగేసరికి ప్రపంచ ప్రదర్శన పెట్టింది. వివేకానందుడు మాట్లాడిన సర్వమత సభ ఆ సందర్భంగా జరిగిందే. తాగే సరస్సులోకి మురుగు పోతోందని 1900లో నది పారే దిక్కునే మార్చేసింది. అన్నిటికన్నా గొప్ప పని సరస్సు ఒడ్డును దాదాపు అంతా జనానికే ఉంచడం. 18 మైళ్ల పొడవున ఎవరైనా నడవొచ్చు, సైకిల్ తొక్కొచ్చు. అలాంటి ఒడ్డు మరో ఊళ్లో ఉంటే గేటు పెట్టి విల్లాలు కట్టి ఉండేవారు.

కానీ అదే షికాగోలో దాదాపు 4 లక్షల ఇళ్లకు నీళ్లు వచ్చేది సీసం గొట్టాల్లోంచి. దేశంలో ఇంకే ఊళ్లోనూ ఇన్ని లేవు. పైగా 1986 దాకా సీసం గొట్టమే వేయాలని నగర నిబంధన. పసిపిల్లల మెదడుకు సీసం చేసే హాని తెలిసీ, మార్చడం దశాబ్దాల పనిగా సాగదీస్తున్నారు. పాలపొడి కలిపే నీళ్ల గురించి తల్లి టెన్షన్ పడే ఊరికి పూర్తి మార్కులు ఎలా ఇస్తాం?

హ్యూస్టన్ విషయంలో మేము చాలాసేపు ఆలోచించాం. ప్రపంచంలోనే పెద్ద వైద్య సముదాయం ఉన్న ఊరు, చంద్రుడి మీది మనిషితో మాట్లాడిన ఊరు. దారులు తెరిపిన పడతాయని కేటీ ఫ్రీవే అనే పెద్ద రహదారిని కొన్నిచోట్ల 26 వరసల దాకా వెడల్పు చేశారు. కొన్నేళ్లకే ట్రాఫిక్ మళ్లీ జామ్ అయింది. రోడ్డు వెడల్పు చేస్తే ఇంకా ఎక్కువ కార్లు వస్తాయన్నది అంత డబ్బు పోసి నేర్చుకున్న పాఠం. 2017లో హార్వీ తుపాను వచ్చినప్పుడు, వరద నీటిని ఆపే రిజర్వాయర్ల పల్లంలోనే వేల ఇళ్లు కట్టేశారని మునిగాక తెలిసింది జనానికి. అయితే ఇదే హ్యూస్టన్ దేశానికి ఒక మంచి దారి కూడా చూపింది. రోడ్డు మీద పడుకునే మనిషికి ముందు ఇల్లు, మిగతావన్నీ తర్వాత అన్న పద్ధతి పట్టుకుని పదేళ్లలో 25 వేల మందికి పైగా నిరాశ్రయులకు నీడ కల్పించింది. దయ గురించి ఎక్కువ మాట్లాడే తూర్పు, పడమర తీర నగరాలు చేయలేని పని అది. రవాణాలో తప్పిన హ్యూస్టన్ ఇక్కడ ఇంట గెలిచింది. డాలస్ గురించి అంత మాట కూడా చెప్పలేకపోతున్నాం.

మిగతా వాటిని క్లుప్తంగా చెబుతాం. వాషింగ్టన్‌లో మెట్రో బాగుంది, స్మిత్‌సోనియన్ మ్యూజియాల్లో పైసా తీసుకోరు. కానీ ఆ నగరవాసులకు దేశ పార్లమెంటులో ఓటు వేసే ప్రతినిధి లేడు. శాన్‌ఫ్రాన్సిస్కో అందానికీ బుర్రకూ లోటు లేదు, అయితే టీచరు అద్దెకుండలేని ఊరుగా తయారైంది. అట్లాంటాది ప్రపంచంలోకెల్లా రద్దీ విమానాశ్రయం. దాని శివారు గ్విన్నెట్ కౌంటీ ఓటర్లు మాత్రం 1971 నుంచి ఎన్నోసార్లు తమ వైపు రైలు రాకుండా ఓటేశారు. నల్లవాళ్లు తమ వీధుల్లోకి వస్తారన్న భయం ఆ తొలి ఓట్ల వెనుక ఉందన్నది దాచినా దాగేది కాదు. విమానం ఎక్కి లోకమంతా తిరుగుతాం, పక్కవీధి మనిషిని మాత్రం రానివ్వం అంటే ఎలా?

ఈ సంగతులు ఇంత వివరంగా రాయడానికి కారణం ఉంది. విశ్వనగరం అన్న మాట మన ఎన్నికల సభల్లోనూ బాగా నలిగింది. మన నాయకులు, అధికారులు అమెరికా వెళ్లినప్పుడు ఫ్లైఓవర్లు, టవర్లు చూసి వచ్చి అలాంటివి ఇక్కడా కడతామంటారు. డాలస్‌లో మన బంధువులు బాగా సంపాదించుకున్న మాట నిజమే, సంతోషమే. కానీ నకలు తీయాల్సింది డాలస్ రోడ్లను కాదు. ఈసారి వెళ్లే బృందం కార్లు పక్కన పెట్టి, ఫ్లషింగ్ రైల్లో ఒక పూట, షికాగో సరస్సు ఒడ్డున ఒక పూట తిరిగి రావాలని గట్టిగా కోరుతున్నాం.

చివరిగా లాస్ ఏంజెలెస్. సినిమాతో లోకమంతా తెలిసిన ఊరు. అమెరికా సరకుల రాకపోకల్లో పెద్ద భాగం దాని రేవుల మీదే నడుస్తుంది. ఒకప్పుడు దాని చుట్టుపక్కల వందల మైళ్ల ఎర్ర ట్రాములు తిరిగేవి. వాటిని పీకేసి, 1961లో ఆఖరిదాన్ని ఆపేసి, ఊరంతా కార్లకు రాసిచ్చారు. మళ్లీ మొదటికొచ్చి 1993లో సబ్‌వే తెరిచారు. 2025 లెక్కల్లో ఆ కౌంటీలో నిలువనీడ లేనివాళ్లు సుమారు 72 వేలు. మా తూకంలో ఇవాళ ఆ నగరం తేలిపోతుంది. కానీ 2028 ఒలింపిక్స్‌కు జనం కార్లలో కాకుండా రైళ్లలో, బస్సుల్లో రావాలని అక్కడి పాలకులు చెబుతున్నారు. చాలినన్ని బస్సులు లేక దేశంలోని ఇతర నగరాల నుంచి వేల సంఖ్యలో అరువు తెచ్చుకునే ఆలోచన చేస్తున్నారు. ఆట చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం రెండు వారాలు నడపగలిగిన బస్సును ఇళ్లలో పాచిపనికి వెళ్లే మనిషి కోసం ఏడాది పొడవునా నడపొచ్చు. అరువు బస్సులు వెనక్కి వెళ్లేలోగా సొంత బస్సులు రోడ్డెక్కాలి. అందుకు కావాల్సిన డబ్బును ఆటల బడ్జెట్‌తో పాటే ఇప్పుడే పక్కన పెట్టాలి.